బండను కాల్చే విద్య

1895 జనవరిలో లండన్ 'నేచర్' పత్రికలో హెచ్. వార్త్ అనే ఆయన దక్షిణ భారతదేశంలో గ్రానైట్ తీసే పద్ధతి గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. ఎదురుగా చదునైన పరుపుబండ. దాని మీద ఏడడుగుల పొడవున ఎండుకట్టెలు వరసగా పేర్చి ముట్టించారు. మంటకు ముందున్న రాతిని సుత్తితో కొట్టి చూస్తున్నారు. రాయి గట్టిగా మోగినంతసేపు మంటను కదపరు. మోత మారి, కింద డొల్ల ఉన్నట్టు వినిపించగానే మండుతున్న కట్టెలను కొన్ని అంగుళాలు ముందుకు జరుపుతారు. మళ్ళీ సుత్తి, మళ్ళీ జరపడం. మంట వరస పొడవు పెరుగుతూ, విల్లులా వంగుతూ బండ మీద ముందుకు పోతుంది. ఎనిమిది గంటలు గడిచేసరికి సగటున ఐదంగుళాల మందమున్న ఒకే పలక కింది బండను వదిలేసింది. మంట నడిచిన మేర 460 చదరపు అడుగులే. పగులు మాత్రం మంటను దాటి రెండు పక్కలా మూడేసి అడుగులు పాకడంతో ఊడిన పలక 740 చదరపు అడుగులు తేలింది.

ఖర్చయిన కట్టెలు సుమారు 760 కిలోలు. అంటే కిలో కట్టెకు 30 కిలోల రాయి. బెంగళూరు చుట్టుపక్కల క్వారీల్లో ఇలా 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అరడుగు మందమున్న పలకలు లేపిన సందర్భాలూ ఉన్నాయి. ఆ తర్వాత వాటిని ఉలితో గీతలు కొట్టి పట్టీలుగా విడగొట్టుకునేవారు. మన వైపు కంచెలకు పాతే కడీలు, పాత ఇళ్ళ కప్పుల మీది రాతి పలకలు చూసినవాళ్ళకు ఈ పని కొత్త కాదు. వడ్డెర కుటుంబాలు తరతరాలుగా చేస్తున్నదే. పత్రికకెక్కడానికి మాత్రం ఒక దొర వచ్చి చూడాల్సి వచ్చింది.

ఇందులో ఆలోచిస్తే వింతగా తోచే సంగతి ఒకటుంది. నిప్పు పైన ఉంది. పగులు ఐదంగుళాల లోతున పుట్టింది. పైగా అది నిలువుగా దిగలేదు, బండ ఉపరితలానికి సమాంతరంగా అడ్డంగా పాకింది. రాయి కరగలేదు, కాలి సున్నం కాలేదు, బూడిద కాలేదు. కట్టెల మంట గ్రానైట్‌ను కరిగించలేదు కూడా. మరి ఏం జరిగింది?

వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి చట్రంలో బిగుసుకుపోతుంది. తలుపును ఊడదీసి గోడకు ఆనించి పెడితే అదే ఉబ్బు ఎవరికీ ఇబ్బంది కలిగించదు. ఉబ్బడం తప్పు కాదు, ఉబ్బడానికి చోటు లేకపోవడమే అసలు చిక్కు. రాతి సంగతీ అంతే. మీటరు పొడవున్న గ్రానైట్ ముక్కను 100 డిగ్రీలు వేడి చేస్తే అది 0.8 మిల్లీమీటరు పెరుగుతుంది. విడి ముక్క అయితే పెరిగి ఊరుకుంటుంది. కానీ పరుపుబండలో ఒక చోట మంట పెడితే, వేడెక్కిన ఆ కాస్త మేరా నాలుగు పక్కలా చల్లటి రాతి మధ్య ఇరుక్కుని ఉంటుంది. పెరుగుదామంటే చోటు ఉండదు.

పెరగనివ్వకపోతే ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కకట్టడం కష్టం కాదు. గ్రానైట్ బిగువును, వ్యాకోచ గుణకాన్ని మామూలు విలువలతో వేసుకుంటే, 100 డిగ్రీల వేడికి చదరపు సెంటీమీటరుకు 500 కిలోల పైచిలుకు ఒత్తిడి వస్తుంది. మంచి గ్రానైట్ నొక్కుడుకు చదరపు సెంటీమీటరుకు 1500 నుంచి 2000 కిలోల దాకా తట్టుకుంటుంది. అంటే మూడు నాలుగు వందల డిగ్రీల వేడికి, పైనుంచి ఏ బరువూ పెట్టకుండానే, రాయి తనను తాను నలిపేసుకునే స్థితికి వస్తుంది.

అయితే అంతదాకా పోనవసరం లేదు. ఎందుకంటే రాతికి ఒక పెద్ద లోపం ఉంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, లాగితే తాళలేదు. లాగుడుకు దాని బలం నొక్కుడు బలంలో పదో వంతు, కొన్నిసార్లు ఇరవయ్యో వంతు. పక్కల నుంచి నొక్కుడు పడ్డ పై పొరకు మిగిలిన ఒకే ఒక్క ఖాళీ దిక్కు ఆకాశం. అది పైకి ఉబ్బడానికి చూస్తుంది. ఉబ్బబోయే పొరకూ కింది చల్లటి రాతికీ మధ్య లాగుడు పుడుతుంది. అక్కడే, ఉపరితలానికి సమాంతరంగా, రాయి విడిపోతుంది. సుత్తి మోత మారింది అందుకే. కింద వెంట్రుకవాసి సందు పడిందంటే ఇక పై పొర విడిగా కంపిస్తుంది. క్వారీ మేస్త్రి చెవి పట్టుకున్నది ఆ సందునే.

ఈ పనిలో బండ కూడా కొంత సాయం చేస్తుంది. భూమి లోపల పెద్ద బరువు కింద గడ్డకట్టిన గ్రానైట్, పై మట్టి, పై రాయి కొట్టుకుపోయి బయటపడ్డాక, అడ్డంగా నొక్కుడులోనే ఉండిపోతుంది. వంపు తిరిగిన గుట్టల్లో ఆ నొక్కుడే రాతిని పొరలు పొరలుగా ఒలచడానికి చూస్తుంటుంది. మంట చేసేది చివరి తోపు మాత్రమే. ఒక్కోసారి ఆ తోపు ఎండే ఇచ్చేస్తుంది. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ట్వేన్ హార్ట్ అనే ఊళ్ళో ఒక గ్రానైట్ గుట్ట, వేసవి ఎండలో, జనం చూస్తుండగానే పెద్ద చప్పుడుతో పొరగా విచ్చుకుంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు దానికి కొలత పరికరాలు అమర్చి, ఎండ వేడికీ ఆ పగుళ్ళకూ ఉన్న సంబంధాన్ని నాలుగేళ్ళ తర్వాత ప్రచురించారు. కట్టె లేదు, మేస్త్రి లేడు. పని మాత్రం అదే.

ఇక పలక ఐదంగుళాల మందమే ఎందుకు వచ్చింది? రాయి వేడిని మోసుకుపోయే వేగంలో ఉంది జవాబు. గ్రానైట్‌లో వేడి సెకనులో ఒక మిల్లీమీటరు లోతుకు చేరుతుంది. ఆ లెక్కన నిమిషంలో ఆరు సెంటీమీటర్లు పోవాలి కదా అనిపిస్తుంది. పోదు. దూరం రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు కావాలి. నిమిషానికి ఎనిమిది మిల్లీమీటర్లు, గంటకు ఆరు సెంటీమీటర్లు, రోజంతా కాల్చినా ఒక అడుగు. ఏడాదికి ఐదారు మీటర్లు. రాయి ఇంత మందకొడి కావడం వల్లే ఈ విద్య సాగింది. పైన నిప్పు కణకణలాడుతుంటే జానెడు లోతున రాయి ఇంకా చల్లగానే ఉంటుంది. రాగి పలక మీద అదే మంట పెట్టి చూడండి. వేడి క్షణాల్లో పలకంతా పరుచుకుంటుంది, ఒక చోటికీ మరో చోటికీ తేడా మిగలదు, పగులూ రాదు.

ఈ కోణం నుంచి ఆ కట్టెల లెక్కను మళ్ళీ చూద్దాం. కిలో ఎండుకట్టె కాలితే సుమారు 15 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. ఆ వేడి మొత్తం 30 కిలోల రాతిలోకే పోతే, రాయి ఐదారు వందల డిగ్రీలు వేడెక్కాలి. కానీ ఆరుబయట మంటలో ఎక్కువ భాగం గాలిపాలే. పదో వంతు రాతిలోకి దిగిందనుకుంటే (ఇది నా అంచనా) పలక సగటున పెరిగింది 60 డిగ్రీలు. ఐదో వంతు దిగిందన్నా 120 దాటదు. అంటే మంటకు ఆనుకున్న పై పొర తప్ప, ఊడిన పలకలో చాలా భాగం మధ్యాహ్నపు ఎండలో బండ కాలేంత వేడిని మించి ఎంతో దూరం పోలేదు. రాతిని బలహీనపరచింది వేడి కాదు, వేడిలో తేడా. ఈ అధ్యాయంలో ఇక ముందు వచ్చే పద్ధతులన్నిటినీ నేను ఈ కొలతతోనే చూస్తాను: ఆ తేడాను ఎక్కడ పుట్టిస్తున్నారు, ఎంత వేగంగా పుట్టిస్తున్నారు, దానికి ఎంత ఇంధనం తగలేస్తున్నారు.

తేడా పుట్టే చోటు మరొకటుంది. అది రాతి లోపలే, రేణువుకూ రేణువుకూ మధ్య. గ్రానైట్ ఒకే పదార్థం కాదు. పలుగురాయి రేణువులు, గులాబీ రంగులోనో తెలుపులోనో ఫెల్డ్‌స్పార్, మధ్యమధ్య నల్లటి అభ్రకం, అన్నీ ఒకదాన్నొకటి కరచుకుని గడ్డకట్టాయి. హైదరాబాదు గుట్టలు అలా గడ్డకట్టి 250 కోట్ల ఏళ్ళయింది. వేడి చేస్తే ఇవన్నీ ఒకే తీరున పెరగవు. 573 డిగ్రీలకు చేరేలోపు పలుగురాయి ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరుగుతుంది. ఫెల్డ్‌స్పార్ అందులో మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. పైగా పలుగు స్ఫటికం అన్ని దిక్కులకూ సమానంగా పెరగదు. నిలువు అక్షం వెంబడి పెరిగేదానికి దాదాపు రెట్టింపు అడ్డంగా పెరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు పలుగు రేణువులు వేరువేరు దిక్కులకు తిరిగి ఉంటే అవి రెండూ కూడా ఒకదాంతో ఒకటి పొసగవు.

573 దగ్గర ఇంకో మలుపు. ఆ వేడికి పలుగురాయి స్ఫటికంలో పరమాణువుల అమరిక ఒక్కసారిగా మారుతుంది. 1889లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ల షాతెలియే దీన్ని పట్టుకున్నాడు. రసాయనం మారదు, రూపం మారుతుంది, దాంతో కొంత పరిమాణం చటుక్కున పెరుగుతుంది. కుండలు కాల్చే కొలిమిలో ఈ డిగ్రీల దగ్గర తొందరపడితే కుండ పగులుతుందని పింగాణీ పనివాళ్ళకు బాగా తెలుసు.

ప్రయోగశాలలో దీన్ని చూడటానికి గ్రానైట్ స్తంభాలను కొలిమిలో పెట్టి, నిమిషానికి కొన్ని డిగ్రీల చొప్పున నిదానంగా వేడి చేస్తారు. ఇక్కడ లోపలికీ బయటికీ తేడా దాదాపు ఉండదు. రేణువుల మధ్య పొసగకపోవడం ఒక్కటే పనిచేస్తుంది. ఫలితం కాస్త వింతగా ఉంటుంది. 200 డిగ్రీల దాకా చాలా గ్రానైట్‌లు బలహీనపడవు. కొన్ని కాస్త బలపడతాయి కూడా. తడి ఆరి, ఉన్న సన్న పగుళ్ళు రేణువుల ఉబ్బుతో మూసుకోవడం ఇందుకు కారణం. 400 దగ్గర బలం తగ్గుతున్న ఛాయలు కనిపిస్తాయి. 573 దాటి 600కు పోయిన రాతిని బయటికి తీస్తే అది మునుపటి రాయి కాదు. చూపుకు కాస్త పాలిపోయినట్టుంటుందంతే. కానీ దానిగుండా ధ్వని తరంగం పంపితే వేగం సగానికి పడిపోయి ఉంటుంది, ఎందుకంటే ప్రతి రేణువు చుట్టూ గాలి సందు. 800 దాకా కాల్చిన గ్రానైట్ అంచును గట్టిగా రుద్దితే రేణువులు రాలతాయి. అదే రాతిని మళ్ళీ అదే వేడికి తీసుకెళితే కొత్త పగుళ్ళు పెద్దగా రావు. మొదటిసారి కన్నా పైకి పోతే తప్ప. రాయి తాను చూసిన అతి పెద్ద వేడిని అలా గుర్తుపెట్టుకుంటుంది.

కొలిమి పద్ధతిలో రాయి నిలువెల్లా బలహీనపడుతుంది, సందేహం లేదు. కానీ అందుకు రాతినంతటినీ 600 డిగ్రీలకు తేవాలి. బెంగళూరు మేస్త్రి పొర ఊడదీయడానికి అందులో చిన్న భాగంతో సరిపెట్టాడు. పలక కావాలా, పొడి కావాలా అన్నదాన్ని బట్టి పద్ధతి.

గనుల్లో కావలసింది పొడి. గన్‌పౌడర్ గనుల్లోకి రాకముందు (ఐరోపా గనుల్లో దాన్ని మొదట వాడింది 1627లో, నేటి స్లొవాకియాలోని బాన్స్కా ష్టియావ్నిత్సాలో అంటారు) గట్టి రాతిలో సొరంగం తొలవాలంటే నిప్పే దిక్కు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు రచయిత అగథార్కిడెస్ ఈజిప్టు దక్షిణాన బంగారు గనుల్లో వాడిన ఇదే పద్ధతిని వర్ణించాడు. ఆయన రాసిన పుస్తకం పోయింది, చరిత్రకారుడు డయోడోరస్ ఎత్తి రాసుకున్న భాగం మిగిలింది. బంగారం ఉన్న గట్టి రాతిని పెద్ద మంటతో కాల్చి, పెళుసెక్కాక చేతి పనిముట్లతో రాల్చేవారని అందులో ఉంది. ఆ చేతులు బానిసలవి, ఖైదీలవి. చైనాలో లీ బింగ్ అంతకు ముందే, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, దూజియాంగ్యాన్ కాలువ కోసం కొండను నిప్పుతో, నీళ్ళతో చీల్చాడని చెబుతారు. ఆ కాలువ ఇవాళ్టికీ పారుతోంది. మనకు దగ్గరగా, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రాయచూరు జిల్లా హట్టిలో ప్రాచీనులు బంగారం కోసం 190 మీటర్ల లోతుకు పైగా దిగారు. అక్కడ దొరికిన కొయ్య సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది. ఆ గోడల్లో నిప్పు పెట్టిన ఆనవాళ్ళున్నాయి. అంత లోతు గుయ్యారంలో కట్టెలు కాల్చితే పొగ ఎటు పోయిందో, గాలి ఎటు నుంచి వచ్చిందో తలుచుకుంటేనే ఊపిరాడదు. నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ వెండి గనుల్లో ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా నడిచింది. డైనమైట్ వచ్చాక కూడా వెంటనే మానలేదు. చుట్టూ అడవి ఉన్నంతకాలం కట్టెలు చవక.

నిప్పుతో పాటు వచ్చే కథ ఒకటుంది: కార్తేజ్ సేనాని హానిబల్ వెనిగర్ కథ. క్రీస్తుపూర్వం 218లో ఏనుగులతో ఆల్ప్స్ దాటుతూ, దారికి అడ్డుపడ్డ బండను కాల్చి వెనిగర్ పోసి పగలగొట్టాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. అంతకన్నా ముందు రాసిన, ఆ కాలానికి దగ్గరివాడైన పాలిబియస్ వెనిగర్ మాటే ఎత్తలేదు. సున్నపురాతి మీద వెనిగర్ కాస్త పొంగుతుంది నిజమే. కానీ కాలిన బండ మీద పని చేసేది చల్లార్చడమే, పులుపు కాదు. వేడి రాతి మీద చల్లటిది పోస్తే పై పొర చటుక్కున ముడుచుకోబోతుంది. లోపలి వేడి రాయి ముడుచుకోనివ్వదు. దాంతో పై పొర లాగుడుకు లోనవుతుంది. లాగుడుకు రాయి ఎంత అర్భకమో చూశాం కదా, వెంటనే ఉపరితలం మీద సన్నటి నిలువు పగుళ్ళు అల్లుకుంటాయి. అవి లోతుకు పోవు. పొరలు ఊడదీసే అసలు పని మంట మండుతుండగానే జరిగిపోతుంది. నీళ్ళు ఆ మీదట పగుళ్ళు పెంచుతాయి, పనివాళ్ళు త్వరగా దగ్గరికి పోయేలా చేస్తాయి. సైన్యం దగ్గర తాగడానికి పులిసిన ద్రాక్షసారా ఉండి ఉంటే అదే పోసి ఉండవచ్చు. నేనైతే ఆ కథలో వెనిగర్ కన్నా కట్టెలనే నమ్ముతాను.

మంటను మెల్లగా నడిపిస్తే ఐదంగుళాల పలక వచ్చింది. అదే మంటను రాకెట్ మంటలా వేగంగా కొడితే? వేడి లోపలికి దిగే సమయం ఉండదు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొర మాత్రమే ఐదు వందల డిగ్రీలకు ఎగబాకి, చిటుక్కున గోరంత పెచ్చుగా ఎగిరిపోతుంది. కింద చల్లటి కొత్త రాయి బయటపడుతుంది. దాని వంతు. ఇలా పెచ్చులు ఎగరగొడుతూ రంధ్రం తొలిచే పరికరాలను 1940ల చివర అమెరికాలోని మిన్నెసొటా రాష్ట్రం మెసాబీ ఇనుపరాతి గనుల్లో వాడారు. అక్కడి టాకొనైట్ రాయి ఉక్కు డ్రిల్ బిట్లను అరగదీసేది. కిరోసిన్ లాంటి ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి, ధ్వనిని మించిన వేగంతో రాతి మీదికి చిమ్మితే బిట్టు అక్కర్లేకుండానే రంధ్రం దిగింది. తర్వాత బలమైన డ్రిల్లింగ్ యంత్రాలు రావడంతో ఆ మంటలు గనుల్లో ఆరిపోయాయి గాని, గ్రానైట్ క్వారీల్లో దిమ్మెల చుట్టూ గాడి కోయడానికి చాలా ఏళ్ళు నిలిచాయి. ఆ చప్పుడు పక్కన పనిచేసినవాళ్ళ చెవులు మిగల్లేదు.

దీని ఇంటి రూపం మీ కాలి కింద ఉండవచ్చు. అపార్టుమెంటు ర్యాంపుల మీద, మెట్ల మీద కాలు జారకుండా గరుకుగా వేసే 'ఫ్లేమ్ ఫినిష్' గ్రానైట్ ఇలా తయారయ్యేదే. ఒంగోలు, కరీంనగర్ వైపు పలకల ఫ్యాక్టరీల్లో గ్యాసు, ఆక్సిజన్ టార్చి పలక మీదుగా నడిపితే నునుపైన ముఖం మీది రేణువులు చిటపటమని ఎగిరిపోతాయి. టార్చి ఒక్క చోట ఆగిపోతే వేడి లోపలికి దిగి పలకే పగులుతుంది. బెంగళూరు మేస్త్రి కోరి తెచ్చుకున్నది టార్చి పట్టినవాడికి నష్టం. పలుగురాయి ఎక్కువున్న గులాబీ, బూడిద గ్రానైట్‌లు ఈ పనికి చక్కగా లొంగుతాయి. చీమకుర్తి నల్లరాయికి, బజారులో గ్రానైటనే పిలుస్తున్నా, అసలు జాతి గాబ్రో. పలుగురాయి అందులో దాదాపు లేదు. మంట కింద అది అంత హుషారుగా చిట్లదు.

పలుగురాయి లేకపోతే మంట తడబడుతుంది. బసాల్ట్‌దీ అదే కథ. వికారాబాదు నుంచి పడమటికి పోతే గ్రానైట్ గుట్టలు పోయి దక్కను లావా నల్లరాయి మొదలవుతుంది. మంట చూపిస్తే చిట్లడానికి బదులు మెత్తబడి జిగురు గాజులా అంటుకోవడం దాని స్వభావం. ఇక్కడికి మరో వేడి కావాలి. వంటింటి మైక్రోవేవ్‌లో వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలే రాతి మీద పెడితే ఖనిజాల మధ్య పక్షపాతం బయటపడుతుంది. అమెరికా గనుల బ్యూరో పరిశోధకులు 1988లో ప్రచురించిన కొలతల్లో మాగ్నటైట్ అనే నల్ల ఇనుప ఖనిజం మూడు నిమిషాల లోపే 1250 డిగ్రీలు దాటింది. అదే యంత్రంలో పలుగురాయి ఏడు నిమిషాలు ఉండి 79 డిగ్రీల దగ్గరే ఆగింది. మంటకు మొదట లొంగే పలుగురాయిని మైక్రోవేవ్ పట్టించుకోదు. ఇనుము, గంధకం ఉన్న ఖనిజాలను మాత్రం నేరుగా పట్టుకుంటుంది. బసాల్ట్‌లో ఇనుప ఖనిజాల రేణువులు చెదురుమదురుగా ఉండటంతో అది ఈ తరంగాలకు బాగానే వేడెక్కి పగులుతుంది.

పరిశోధకులను దీనిలో ఊరించింది ఇంకోటి. మంట వేడిని బయటినుంచి తెచ్చి, రేణువుల తేడా కోసం రాయి మొత్తం కాగేదాకా ఆగాలి. మైక్రోవేవ్ వేడిని సరిగ్గా విలువైన రేణువు లోపలే పుట్టిస్తుంది, చుట్టూ ఉన్న పనికిరాని రాతిని చల్లగా వదిలేసి. ప్రకాశం జిల్లా కొణిజేడు వైపు కొండల్లో మాగ్నటైట్ పట్టీ, పలుగు పట్టీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఈ పద్ధతికి అంతకన్నా తగిన రాయిని ఊహించలేం. పగులు సరిగ్గా రెండింటి సరిహద్దులోనే పడుతుంది, మిల్లులో దంచే పని తగ్గుతుంది. ప్రపంచంలో వాడే కరెంటులో కొన్ని శాతం కేవలం రాళ్ళు నలగ్గొట్టడానికే పోతోంది కాబట్టి ఇది చిన్న ఆశ కాదు. కానీ నిదానంగా వేడి చేస్తే లాభం లేదు. మాగ్నటైట్ వేడి పక్క రేణువులోకి కారిపోతుంది, తేడా చచ్చిపోతుంది, కరెంటు బిల్లు మిగులుతుంది. సెకనులో చిన్న భాగంలో, పెద్ద శక్తితో ఒక్క దెబ్బ వేయాలి. అంత శక్తిగల యంత్రం గుండా గంటకు వందల టన్నుల రాయి పారించడం దగ్గరే ఈ విద్య ఇన్నేళ్ళుగా తచ్చాడుతోంది.

రాతిని బలహీనపరచడం మాని ఏకంగా కరిగించేద్దామనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1970లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల 'సబ్‌టెరీన్' పేరుతో ఎర్రగా కాగే లోహపు ముక్కును రాతిలోకి దించింది. రాయి కరిగి, రంధ్రం గోడలకు గాజు పూతలా గడ్డకట్టింది. బాండెలియర్ అనే చోట ప్రాచీన శిథిలాల దగ్గర నీరు పోయే రంధ్రాలు కూడా దానితో వేశారు. అక్కడి రాయి మెత్తటి అగ్నిపర్వత బూడిద రాయి అన్నది గుర్తుంచుకోవాలి. తర్వాత లేజర్లు వచ్చాయి. వాటితో చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, లేజర్‌తో కూడా కరిగించడం కన్నా పెచ్చులెగరగొట్టడమే చౌక. కిలో గ్రానైట్‌ను కరిగించాలంటే ఒకటిన్నర మెగాజౌల్ పైనే కావాలి, పెచ్చుగా ఎగరగొట్టాలంటే అందులో మూడో వంతు చాలు. కరిగించడమంటే రాయి తనంతట తాను విరిగే గుణాన్ని వాడుకోకుండా వదులుకోవడం. నాకది ఓటమి ఒప్పుకోవడంలాగే కనిపిస్తుంది.

ఒక్క చోట మాత్రం ఆ ఓటమికి అర్థముంది. చాలా లోతున. నేల అడుగున కిలోమీటర్ల లోతులో వేడి గ్రానైట్ నుంచి కరెంటు తీయాలంటే ముందు అక్కడిదాకా రంధ్రం దించాలి. బిట్టు అరిగిన ప్రతిసారీ కిలోమీటర్ల గొట్టమంతా పైకి లాగాలి. అందుకే రాతిని తాకని పద్ధతుల మీద మోజు. న్యూ హాంప్‌షైర్‌లోని కాన్వే గ్రానైట్‌లో జేమ్స్ బ్రౌనింగ్ బృందం మంట చిమ్మే పరికరంతో వెయ్యి అడుగుల లోతు దాటింది. కానీ లోతు పెరిగేకొద్దీ రంధ్రం నీటితో నిండుతుంది, మంటను నీటిలో, విపరీతమైన ఒత్తిడిలో మండించాలి. జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఆ పనీ చేసి చూశారు, తర్వాత మంటతో రాతిని కాస్త బలహీనపరచి మిగతాది మామూలు బిట్టుతో గీకే మిశ్రమ పద్ధతికి వచ్చారు. క్వైజ్ అనే అమెరికా కంపెనీ మిల్లీమీటరు తరంగాలతో రాతిని కరిగించి, ఆవిరి చేసి 2025లో టెక్సస్ గ్రానైట్‌లో 100 మీటర్లు దిగింది. వంద మీటర్ల నుంచి పది కిలోమీటర్లకు దారి ఎంతుందో కాలమే కొలవాలి. పై పొరలు మామూలు డ్రిల్లింగ్‌కు వదిలేసి, బిట్లు బతకని అడుగు భాగానికే తరంగాలు అని వాళ్ళ లెక్క. అక్కడ వేడి రాయి చిట్లడానికి బదులు సాగడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ లెక్కలో కొంత న్యాయముంది.

ఇంతసేపూ రాయి బలహీనపడాలని కోరుకున్నాం. అది బలహీనపడకూడదని రాత్రింబగళ్ళు కూచుని లెక్కలు కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థాలను నేల లోపల గట్టి రాతిలో పాతిపెట్టాలన్నది చాలా దేశాల ఆలోచన. ఆ వ్యర్థం వందల ఏళ్ళపాటు వేడి కక్కుతూనే ఉంటుంది, బెంగళూరు మంట కన్నా లక్షల రెట్లు నిదానంగా. భాభా అణు పరిశోధన కేంద్రం కోలారు బంగారు గనిలో, మూతపడ్డ భాగంలో దాదాపు కిలోమీటరు లోతున, హీటర్లు అమర్చి రాయి ఏళ్ళ తరబడి ఎలా స్పందిస్తుందో కొలిచింది. ఆ గనుల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలు పనిచేశాయి. స్వీడన్‌లోని ఎస్పో ప్రయోగశాలలో 450 మీటర్ల లోతున రెండు పెద్ద రంధ్రాలు పక్కపక్కనే తొలిచి, మధ్యలో మీటరు మందమున్న రాతి స్తంభాన్ని మిగిల్చి, దాన్ని హీటర్లతో వేడి చేశారు. వాళ్ళు పెట్టింది మంట కాదు, పదుల డిగ్రీల పెరుగుదల మాత్రమే. లోతులో ముందే ఉన్న నొక్కుడుకు ఆ కాస్తా తోడవగానే రంధ్రం గోడ నుంచి పెచ్చులు రాలాయి. ప్రయోగశాలలో ముక్కను నలిపితే వచ్చిన బలంలో అరవై శాతం దగ్గరే అది జరిగింది. స్వీడన్, ఫిన్లండ్ ఎంచుకున్న పద్ధతిలో వ్యర్థం ఉన్న రాగి పెట్టె చుట్టూ బెంటొనైట్ బంకమట్టి కూరుతారు. ఆ మట్టి 100 డిగ్రీలు దాటకూడదని షరతు పెట్టుకున్నారు. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఎన్ని మీటర్ల రాయి వదలాలన్నది ఆ ఒక్క అంకె నుంచే తేలుతుంది.